ఐలీన్ మడిచిన పొద్దు

స్కూలు బస్సు నడపడం మానేశాక కూడా ట్వైలా తెల్లవారకముందే లేచేది. కాఫీ కాచుకుని, పికప్ ట్రక్కు బానెట్ ఎత్తి ఆయిలు చూసి, చక్రాలను కాలితో ఒకసారి తన్ని, ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదని గుర్తొచ్చి ఇంట్లోకి వచ్చి కూర్చునేది. తూర్పు ఆరిగన్‌లో ఆమె ఏళ్ళ తరబడి తిరిగింది ఒకే దారి. దాని చివర ఒక పశువుల గేటు. అక్కడ బస్సు తిప్పుకుని రావాలి. గేటు అవతల మట్టిరోడ్డు సేజ్ పొదల మధ్య నుంచి కొండల్లోకి పోయేది. అటు ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడు బస్సు లేదు, గంట కొట్టేవాడు లేడు. వెళ్ళి చూసిరా అక్కా" అంది చెల్లెలు డోరీన్.

"వెళ్తాను. కానీ నేల మీద పడుకునే నడుమా ఇది?"

అందుకే క్యాంపర్ వెతకడం మొదలుపెట్టింది. ట్రక్కు వెనక తొట్టిలో కూర్చునే చిన్న గది అది. దారిలో ఉన్నంతసేపూ కప్పు దించి ఉంటుంది కాబట్టి గాలికి అడ్డం రాదు. ఆగిన చోట కప్పు పైకి నెడితే చుట్టూ గుడ్డ గోడలు లేచి, మనిషి నిటారుగా నిలబడేంత ఇల్లు అవుతుంది. ఇంత తెలివైన వస్తువు ఇంకోటి లేదని ట్వైలా అభిప్రాయం.

ఆ వైపు క్యాంపర్ కొనేవాళ్ళు ముందుగా మంచమూ పొయ్యీ చూడరు. కప్పు ఎత్తించి, లోపల నిలబడి, కాసేపు మాట్లాడకుండా ఉంటారు. ఆఖరిసారి దించినప్పుడు లోపల ఉన్న పొద్దు గుడ్డ మడతల్లో ఉండిపోతుంది కదా. మళ్ళీ ఎత్తగానే ఆ వెలుతురూ, ఆ వాసనలూ, ఆ మాటలూ బయటికొచ్చి, కాసేపు ఉండి, కిటికీల వలల్లోంచి వెళ్ళిపోతాయి. అందుకే కప్పు దించేటప్పుడు పోట్లాడుకోవద్దని కొత్త దంపతులకు అక్కడి పెద్దవాళ్ళు చెబుతుంటారు.

అక్కచెల్లెళ్ళు మొదట షోరూముకి వెళ్ళారు. కొత్త క్యాంపర్ కప్పు ఎత్తితే జిగురు వాసన కొట్టింది, ఫ్యాక్టరీలో ఎవరిదో మధ్యాహ్నం రేడియో వినిపించింది. "మీ చిన్న ట్రక్కుకి ఇది హాయిగా సరిపోతుంది మేడమ్" అన్నాడు అమ్మేవాడు.

"మీరు చెప్పే బరువు ఖాళీది. నీళ్ళు, బ్యాటరీ, గ్యాసు, మా అక్క, అన్నీ కలిపి చెప్పండి" అంది డోరీన్. అతనికి దగ్గొచ్చింది.

ఒక పశువుల ఆసామి దగ్గర పాతది దొరికింది. అది తెరిస్తే లోపల వాన. ఆ వానలో ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటున్న పిల్లలు. "అచ్చం నా బస్సే!" అని ట్వైలా కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కానీ దాన్ని ట్రక్కు మీద పెట్టి, డోరీన్ పనిచేసే దాణా గిడ్డంగి కాటా మీద నిలిపేసరికి ట్రక్కు వెనక భాగం కూలబడింది.

"ముందు చక్రాలు ఆకాశం చూస్తున్నాయక్కా. దీనితో కొండ ఎక్కితే స్టీరింగ్ నీ చేతిలో ఉంటుంది కానీ, ట్రక్కు నీ మాట వినదు."

చివరికి హార్లన్ కొట్టంలో దొరికింది. అతను కౌంటీ రోడ్లు చదును చేసి రిటైరైన మనిషి. భార్య ఐలీన్ పోయినప్పటినుంచి ఒక్కొక్కటే అమ్మేస్తున్నాడు. పడవ పోయింది, గాలాలు పోయాయి. క్యాంపర్ మిగిలింది. అల్యూమినియం చట్రం, పలచని గోడలు, ట్వైలా ట్రక్కు కోసమే చేసినట్టు ఉంది.

"కప్పు ఎత్తు, చూద్దాం" అంది ట్వైలా.

"ఎత్తను. ఇలాగే తీసుకుంటే తీసుకో."

"మూసిన క్యాంపర్ ఎవరైనా కొంటారా హార్లన్?"

అతను టోపీ సర్దుకున్నాడు. "ఆఖరి ట్రిప్పులో పొద్దున్నే పోట్లాడుకున్నాం. ఎందుకో గుర్తు లేదు. నేనన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. తనేమందో ఒక్క ముక్క లేదు. నేను పోయి ట్రక్కులో ఇంజన్ వేసుకుని కూర్చున్నా. తనొక్కతే కప్పు దించింది. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆ వారమే పోయింది. లోపల ఏడుపుందో తిట్లున్నాయో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు."

"సరే, నువ్వు చెప్పేదాకా నేను ఎత్తను."

"ఎప్పటికీ చెప్పకపోతే?"

"పాక్కుంటూ వెళ్ళి పడుకుంటా."

"నీకు మతి పోయిందక్కా!" అంది డోరీన్.

"అది పోకముందే వెళ్దామని" అంది ట్వైలా. వాళ్ళ అమ్మ ఈ వయసులోనే ముందు దారుల పేర్లు, తర్వాత కూతుళ్ళ పేర్లు మరిచిపోయింది. ఆ సంగతి అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోరు.

అలా కప్పు ఎత్తకుండానే ఆమె క్యాంపర్ సిద్ధం చేసుకుంది. నుదుటికి లైటు కట్టుకుని, వెల్లకిలా పడుకుని, ముక్కుకి కప్పు తగులుతుంటే స్క్రూలు బిగించింది. జారకుండా తొట్టిలో రబ్బరు పరిచింది. నాలుగు మూలలా గొలుసులు వేసి బిగించింది. పెద్ద ఫ్రిజ్ పీకేసి ఐసు పెట్టె పెట్టింది. బరువైనవన్నీ కిందా ముందుకూ, దుప్పట్లూ రొట్టెలూ పైనా వెనకా. గతుకుల రోడ్డులో కాఫీ కప్పులు దూకకుండా అరకి అంచు కొట్టింది. రొట్టె కోసే కత్తితో పరుపు మూల గుండ్రంగా కోసింది. చూసినవాళ్ళు ఒకసారి నవ్వి, రెండోసారి వంగి చూసి, మూడోసారి తల ఊపేవాళ్ళు.

హార్లన్ రోజూ ఏదో వంకతో వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చునేవాడు.

"ఆ స్క్రూ వంకరపోతోంది."

"అయితే నువ్వొచ్చి బిగించు."

"నేను లోపలికి రాను."

"మరి నోరు మూసుకుని ఆ మేకులు అందించు."

అందించేవాడు. ఒకనాడు ఆమె బయటికి పాకి వచ్చి, మోకాళ్ళు దులుపుకుని, అతని పక్కన నేల మీద కూర్చుంది.

"హార్లన్, మడతల వెంబడి బూజు పడుతోంది. నల్లటి చుక్కలు. గుడ్డని ఇంత కాలం మడిచి ఉంచకూడదు, నీకూ తెలుసు. ఇంకో చలికాలం పోతే గీతల దగ్గర చిరిగిపోతుంది. అందులో ఉన్నది కూడా."

"తుడవలేవా?"

"విప్పకుండానా?"

అతను లేచి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళు రాలేదు.

కొండల మీద మంచు పడబోతోందని రేడియోలో చెప్పారు. ఇక ఆగితే దారులు మూసుకుంటాయి. ట్వైలా నీళ్ళ డబ్బాలు ఎక్కించింది. ఇచ్చిన మాట ప్రకారం కప్పు దించే ఉంది. డోరీన్ సాగనంపడానికి వచ్చింది. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ట్వైలా తాళంచెవి తిప్పబోతుంటే హార్లన్ వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"నేనే ఎత్తుతాను" అన్నాడు.

గొళ్ళేలు ఒక్కొక్కటే తీశాడు. వంగి లోపలికి వెళ్ళి, భుజం ఆనించి పైకి నెట్టాడు. అతుక్కుపోయిన మడతలు చరచర విడివడ్డాయి కానీ చిరగలేదు.

మబ్బు పట్టిన ఆ ఉదయంలో క్యాంపర్ లోపల మాత్రం ఎండ కాసింది. ఏదో చెరువు మీద నుంచి ఏటవాలుగా పడే ఎండ. వేగిన పంది మాంసం కొవ్వు వాసన, జునిపర్ కట్టెల పొగ. ముందు వైపు నుంచి ట్రక్కు ఇంజన్ అలిగినట్టు గుర్రుగుర్రుమంటోంది. అది తన ఇంజనే అని హార్లన్ పోల్చుకున్నాడు.

తర్వాత ఐలీన్ గొంతు వినిపించింది. ఏడుపు లేదు, తిట్లు లేవు. దుప్పటి దులుపుతూ తనలో తాను మాట్లాడుకుంటోంది.

"ఈ పొయ్యి అటు మార్చాలి. పొద్దున్నే లేచి దీనికి మోచెయ్యి కొట్టుకుంటాడు, ఇక ఆ పూటంతా ప్రపంచం మీద కోపం. వచ్చేసారికి అటు పెట్టేస్తే సరి." కాసేపు దుప్పటి మడిచిన చప్పుడు. తర్వాత ముక్కుతో చిన్న నవ్వు. "చూడు, ఇంజన్ వేసుకుని ఎలా కూర్చున్నాడో! నేను లేకుండా ఎక్కడికో పోయేవాడిలాగా."

బయట డోరీన్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"కిటికీలు మూసెయ్యనా? ఇంకాసేపు ఉంటుంది" అంది ట్వైలా మెల్లగా.

హార్లన్ కిటికీ వైపు తిరిగాడు. ఎండ అతని ఇస్త్రీ చొక్కా మీద ఉంది.

"వద్దు. గుడ్డ ఆరాలి" అని, మిగిలిన కిటికీల జిప్పులు తనే తెరిచాడు. ఎండ వలల్లోంచి సన్నగా జారి మబ్బులో కలిసింది. పొగ వాసన అన్నిటికంటే ఆఖరున వెళ్ళింది.

అతను దిగి తన బండి దాకా వెళ్ళి పనిముట్ల పెట్టె తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏయ్, అది ఇప్పుడు నా క్యాంపర్! నా మోచెయ్యి ఎటు తగులుతుందో అడిగావా?" అంది ట్వైలా.

"తగిలేది నీ మోచెయ్యి కాదు" అన్నాడు హార్లన్, తల ఎత్తకుండా.

ట్వైలా వెళ్ళి, డ్రైవరు పక్క సీటు నిండా పరుచుకున్న తన సామానంతా తీసి వెనక్కి సర్దింది.