ఫిన్స్ వచ్చాక నా గతి

నేను ఒక బెండును. దుకాణంలో నా పేరు పుల్ బాయ్. నడుమ సన్నగా, రెండు కొసలా లావుగా ఉండే నురుగు ముక్కను. ఈదేవాళ్లు నన్ను తొడల నడుమ ఇరికించుకుంటే కాళ్లు వాటంతటవే తేలతాయి, చేతులు మాత్రం పని చేస్తే చాలు. నన్ను మొదట కొన్నాయనకు నడుం నొప్పి. ఈత మంచిదని డాక్టరు చెప్పాడట. ఎంతో ముచ్చటపడి కొని, నీళ్లు చల్లగా ఉన్నాయని వారం తిరక్కుండానే మానేసి, నన్ను హనుమకొండ స్విమ్మింగ్ పూల్ సామాన్ల గదిలో వదిలేసి పోయాడు. మనుషులకు కొనేటప్పుడు ఉండే ఉత్సాహం వాడేటప్పుడు ఉండదు.

అక్కడ నన్ను స్వరూప ఏరుకుంది. నలభై దాటిన మనిషి, ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఊళ్లో వ్యవసాయ బావిలో ఈత నేర్చుకుంది. కోచ్ మొయిన్ సార్ నా పేరు చెప్పగానే పకపకా నవ్వింది.

"పుల్ బాయా? బాయిల ఈదెటప్పుడు నడుముకు కట్టే బెండు లెక్కనే ఉన్నది గదా సార్!"

ఆ పూట నుంచి నేను బెండునే. ఆమెవి దూరం పందేలు, ఎనిమిది వందల మీటర్లు, పదిహేను వందల మీటర్లు. హడావిడి లేకుండా, ఒకే తీరుగా అలా పోతూనే ఉండేది. నేను లేనిదే ఆమెకు ఈత లేదని నా నమ్మకం. నిజం చెప్పాలంటే, పొగరు.

పక్క లైనులో శ్రీలత ఈదేది. ఆమెది పొట్టి పందెం, యాభై మీటర్లు. నన్ను చూసినప్పుడల్లా "ఆ దిండు వెట్టుకొని పండుకోరాదక్కా" అని ఎగతాళి చేసేది. అలాంటి శ్రీలత ఇంటి మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. పెద్దవయసు వాళ్ల రాష్ట్ర పోటీలు దగ్గర పడ్డాయి. రిలేకు తలా యాభై మీటర్లు ఈదే నలుగురు ఆడవాళ్లు కావాలి, ముగ్గురే మిగిలారు. నాలుగో మనిషి దొరక్కపోతే ఆ ముగ్గురి కష్టమూ నీళ్లపాలే. మొయిన్ సార్ స్వరూపను అడిగాడు. కాదనలేకపోయింది.

అప్పుడే ఫిన్స్ వచ్చాయి. కాళ్ల ఊపు పెంచేందుకు పాదాలకు తొడుక్కునే పసుపుపచ్చ రబ్బరు రెక్కలు. వాటి తళుకూ, వాటి బడాయీ! స్వరూప నన్ను బెంచీ మీద పెట్టి వాటిని ఒళ్లో పెట్టుకుని తుడిచింది. నాకు కడుపు మండిపోయింది. నన్నెప్పుడైనా తుడిచిందా?

అందుకే మొదట్లో ఆమె అవస్థ చూసి సంతోషించాను. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున పొమ్మంటే సగంలోనే తల పైకెత్తేది. ఒకసారి దూకి ఈదాక గోడకు ఆనుకుని చాలాసేపు ఆగాలి, అప్పుడే మళ్లీ బలం వస్తుంది. ఆమెకేమో ఊరికే నిలబడటం తప్పు చేసినట్టుండేది. ఆ సందులో మెల్లగా రెండు చుట్లు తిరిగొచ్చేది.

"దమ్ము తీస్కోమంటే ఈదుతవేందమ్మా! ఉన్న సత్తువంత ఆడనే పాయె!" అని సార్ తల కొట్టుకునేవాడు.

పరీక్ష పెట్టిన ఆదివారం ఇంకా బాగుంది. స్వరూప గట్టిగానే ఈదుకొచ్చింది. అవతలి గోడ దగ్గర చెయ్యి ఆనించి ఆగాలి కదా, దూరం ఈతల అలవాటు కొద్దీ పల్టీ కొట్టి, గోడను కాళ్లతో తన్ని, ఎటు నుంచి వచ్చిందో అటే తిరుగు ప్రయాణం కట్టింది!

"ఎటు వోతున్నవక్కా? అయిపోయింది!" అని ముగ్గురూ ఒకటే అరుపు.

నా దగ్గరికే వస్తోంది అనుకున్నాను. ఆమె నీళ్లలోనే మొహం కప్పుకుంది. మొయిన్ సార్ నవ్వలేదు.

"చేతులు మంచిగున్నయ్ స్వరూపమ్మా. కాళ్లే పండుకున్నయ్. ఈ బెండే పండవెట్టింది. వచ్చే ఆదివారం గూడ ఇట్లనే ఉంటే టీం లేదు."

ఆ మాట నాకు బాణంలా తగిలింది. నేను మోశాననుకున్న కాళ్లను నేనే చెడగొట్టానట! స్వరూప నన్ను సంచీ అడుగున పడేసింది. వారమంతా చీకట్లో పడి ఉండి, ఆమె కాళ్ల దబదబ చప్పుడు వింటూ ఫిన్స్‌ను తిట్టుకున్నాను. ఆమె టీంలోకి వచ్చింది. పోటీలో రజతం కూడా తెచ్చింది. మెడల్ వేసుకుని దిగిన ఫొటోలో ఫిన్స్ కూడా ఉన్నాయి!

పట్టీ విప్పించుకుని శ్రీలత వచ్చింది. కాలు ఇంకా ఆడించకూడదు, చేతులతోనే ఈదాలి. స్వరూప సంచీలో వెతికి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"కాలు కుదురుకునేదాంక ఇది వెట్టుకో చెల్లే."

శ్రీలత నన్ను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుంది. అయినా నీళ్లలోకి దిగి, నన్ను ఇరికించుకుని మెల్లగా సాగింది. పక్క లైనులో స్వరూప దూకింది. నురుగు రేపుకుంటూ మమ్మల్ని దాటి పోయింది. శ్రీలత ఆగి, గోడ పట్టుకుని చూసింది. మొయిన్ సార్ వాచీ నొక్కి పెద్దగా అన్నాడు.

"శ్రీలతా, నీ టైం గొట్టేసిందమ్మా! ఇగ నీ జాగ ఆమెదే!"

"మంచిదే గద సార్," అని శ్రీలత నవ్వింది. పైన నవ్వు, నీళ్ల కింద ఆమె కాళ్లు నన్ను నలిపేస్తున్నాయి. ఇన్నేళ్లలో స్వరూప ఒక్కసారి కూడా నన్నంత గట్టిగా పట్టుకోలేదు.