గోరింటాకు పెట్టుకున్న బ్యాచ్

"దిగిపో తల్లమ్మా. నీకింక పని లేదు."

అనకాపల్లి శివారు కాలనీ ముందు ఆగిన కంపెనీ బస్సులోకి ఒక కాలు పెట్టి తల్లమ్మ ఆగిపోయింది.

"ఏటి బావూ, ఏటైంది?"

"నీ సేతులు సూసుకో," అన్నాడు కాంట్రాక్టర్ త్రినాధరావు.

ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళ సందులన్నీ పుండ్లు పడ్డాయి. మంట చల్లారుతుందని గోరింటాకు నూరి పెట్టుకుంది. ఎర్రగా పండింది. గోరింటాకు చేతులు రొయ్యల షెడ్డులోకి రాకూడదన్న రూలు ఎప్పటినుంచో ఉన్నదే. సరుకు ఎక్కువున్న రోజుల్లో గ్లౌజులు తొడిగి లోపలికి తోసింది మాత్రం ఈ త్రినాధరావే.

"అమెరికావోడు మన రొయ్య మీద టాక్సు పెంచీసేడు. టీవీల సూళ్ళేదా? సగం మంది సాలు నాకు."

చూసింది. సూటు వేసుకున్న పెద్దమనిషి ఎవరో సంతకం పెడుతుంటే, మనకేంలే అని అన్నం కలుపుకుంది. ఆ సంతకం సముద్రాలు దాటొచ్చి తనను బస్సు దించుతుందని ఎలా తెలుస్తుంది? ఇంట్లో సంపాదన ఆమె ఒక్కర్తిదే.

డ్రైవర్ కన్నబాబు ఆమె మొహాన దుమ్ము కొట్టకుండా బస్సును మెల్లగా పోనిచ్చాడు. ఆ రోజుకి దొరికిన దయ అంతే.

సాయంత్రం కుళాయి దగ్గర బ్యాచ్ ఆడవాళ్ళంతా చేరారు.

"అందరం గోరింటాకు పెట్టీసుకుందాం. ఎవుల్ని దించుతాడో సూద్దాం," అంది కాసులమ్మ.

"నా సేతులు బాగానే ఉన్నాయి కదే," సత్యవేణి విసుక్కుంది. "మన గోరింటాకు సూసి అమెరికావోడు టాక్సు తగ్గిత్తాడేటి?"

"తగ్గించడు. బస్సు కాళీగా ఎల్తే త్రినాధరావుకి తెలుత్తాది. రేపు నీ సేతులూ ఇలాగే అయితే ఎవులొత్తారే నీకు?"

సత్యవేణి తల్లమ్మ వేళ్ళు విడదీసి చూసింది. ఇంటికి వెళ్ళి పెరట్లోని గోరింటాకు కొమ్మ విరుచుకొచ్చింది.

మర్నాడు బస్సొచ్చేసరికి అన్ని చేతులూ ఎర్రగా ఉన్నాయి.

"పెళ్ళికెల్తన్నారేటే అందరూ?" త్రినాధరావు అరిచాడు.

"అవును బావూ! నీ అమెరికావోడి పెళ్ళికే!" అంది కాసులమ్మ. ఆడవాళ్ళు పకాలున నవ్వారు.

"పక్కూరోళ్ళని ఎక్కించుకుంటాను. బండి తియ్యరా కన్నబాబూ!"

"ఎక్కితే అందరం ఎక్కుతాం. నేదంటే ఇది కదల్దు!" ఆడవాళ్ళు బస్సుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు.

త్రినాధరావు ఫోను చేశాడు. పోలీసులొచ్చారు. అంతమందికి జీపు చాలక, అదే బస్సులో స్టేషనుకి తరలించమన్నాడు ఎస్సై.

తల్లమ్మ బస్సు మెట్టు దగ్గర ఆగిపోయింది. రేపూ పనుండదు. టాక్సూ తగ్గదు. కన్నబాబు దిగొచ్చి, ఆమె ఎక్కేదాకా తలుపు పట్టుకున్నాడు.

"ఇలా కూకో అత్తా," సత్యవేణి జరిగి చోటిచ్చింది. "ఇయ్యాల ఎవుల్నీ దించలేదు సూడు."

పక్కూరి మలుపులో కొంతమంది ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వీళ్ళ చోట్లోకి రమ్మని అప్పుడే కబురందినట్టుంది. బస్సును చూసి చెయ్యెత్తారు.

ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని తల్లమ్మ కిటికీలోంచి రెండు చేతులూ బయటికి చాపి అరిచింది.

"ఎక్కకండే! రేపు ఈ బస్సొత్తే ఎవులూ ఎక్కకండే!"

వాళ్ళలో ఒకామె క్యారేజీ కింద పెట్టి, తన వేళ్ళు విడదీసి చూసుకుంది.