ఒకే చీటీ, రెండు సీసాలు

సీసాలాయన పదమూడో సీసా కడిగి బోర్లించేసరికి ఎడమ చెయ్యి మళ్ళీ బరువెక్కింది. డాక్టరు దగ్గరికి పోదాం పదమని పొద్దున ఇంటావిడ పోరితే, రేపు పిల్లల ప్రాక్టికల్ పరీక్ష అయిపోనీ అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కాలేజీ ల్యాబులో అటెండరు, ఆయనకు ఏ జబ్బు చేసినా పరీక్షల తర్వాతే. యాసిడ్లు తిన్న వేళ్ళు, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా, వంగి వంగి గూనిపడ్డ వీపు. అదీ మనిషి.

అప్పుడే కెమిస్ట్రీ మేడం వచ్చింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల, ఇంకా టెంపరరీ. రేపటి పరీక్ష సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

"బాబాయ్, కొంప ముంచాను," అంది గొంతు తగ్గించి. బీరువాలో చోటు చాలక, రేపటి పరీక్షకని ఉంచిన రెండు సీసాల్లోని తెల్లపొడినీ ఒకే సీసాలో పోసేసిందట. "రెండు చీటీల మీదా ఒకటే ఫార్ములా. ఐసోమర్ల గురించి నెల్లాళ్ళు పాఠం చెప్పి, చివరికి నేనే..."

"ఏడవకమ్మా, ఆ నీళ్ళు కూడా పొడిలో పడితే అదో తంటా," అన్నాడాయన. "ఒకటి మెలీయిక్కు, రెండోది ఫ్యుమారిక్కు. సరుకంతా అదే, అమరిక వేరు. నీకు ముందున్న మాస్టర్లు పాఠం చెప్తుంటే తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి. నడుమ జంట బంధం ఉంది చూడు, అది తిరగనివ్వదట. రెండు చేతులూ ఒకే పక్కనున్నవాడు చన్నీళ్ళలో ఇట్టే కరుగుతాడు. చెరో పక్కనున్నవాడు మా మావగారి టైపు, ఎంత బతిమాలినా కరగడు."

మేడం నవ్వబోయి ఊరుకుంది.

పొడిని చన్నీళ్ళలో కలిపి, వడపోత కాగితంలో పోసి, చుక్క చుక్కా దిగనిచ్చాడు. కరగనిది కాగితంలో మిగిలింది. దిగిన నీళ్ళను పింగాణీ గిన్నెలోకి వంచి, మరిగే నీళ్ళ ఆవిరి మీద పెట్టాడు. తొందరపడి నేరుగా మంట మీద పెడితే అది ఇంకో పదార్థమై కూర్చుంటుందని ఆయనకు తెలుసు. కాచుకుని ఉండాల్సిందే.

మధ్యాహ్నం మూడు దాటింది. ఆయన చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"అలా ఉన్నారేంటి బాబాయ్? ఇంటికెళ్ళండి, నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకున్నది చాల్లేమ్మా," అన్నాడు. స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. "ఇది ఆరనీ, పోతాను."

గిన్నె అంచున తెల్లటి పలుకులు కట్టడం మేడమే ముందు చూసింది. "బాబాయ్, వచ్చేసింది," అంది. రెండోసారి కూడా అంది. ఆయన పలకలేదు.

స్ట్రెచరు వెళ్ళాక ప్రిన్సిపాల్ బల్ల దగ్గర నిలబడి ఆ సరంజామా అంతా చూశాడు.

"పరీక్ష పొడులు ఎవరు కలిపేశారు?"

మేడం నేల చూపులు చూసింది.

"బాబాయే సార్. చూసుకోలేదు పాపం."

"పోయినవాణ్ణి ఇంకేమంటాం," అని ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాడు.

మేడం స్టవ్వు ఆపింది. దుమ్ము పడకుండా వడపోత కాగితం మీద సీసాలాయన బోర్లించిన గాజు గరాటా అలాగే ఉంది, లోపలివైపు సన్నటి నీటి చుక్కలు పట్టి.