గరాటులో దూది

"సీటు గుడ్డలు ఉతికినావా?" అని అడిగి, జవాబు వినకుండానే భర్త ఇంద్రసేనయ్య తన పత్తి జిన్నింగు మిల్లుకు వెళ్లిపోయాడు. అలివేలుమంగ వాటిని అప్పటికే ఉతికి, ఆరేసి, చిరిగిన అంచులు కుట్టింది కూడా. ఏటా ఎండాకాలం ఇంట్లోని పాత మోటారు కారుకు కొత్త కళ తెచ్చే పని ఆమెదే. కిరసనాయిలుతో తారు మరకలు తుడవాలి, చింతపండుతో దీపాల ఇత్తడి తోమాలి, సందుల్లో ఇరుక్కున్న పత్తి నుసి పుల్లతో గీకి తీయాలి. ఆదోని బజారులో మాత్రం "శెట్టిగారు బండిని ఎంత బాగా పెట్టుకున్నాడప్పా" అంటారు. దాని మైళ్ల మీటరు తొంభైతొమ్మిది వేలు దాటి, మళ్లీ సున్నా నుంచి తిరుగుతోంది. ఆమెకు ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడా బండి నాలుగు మైళ్లు పోతే ఆగిపోతోంది. "ఈ పొద్దు బాగుపడకుంటే గోనెగండ్ల మాదన్నకు అమ్మేస్తా" అన్నాడాయన. "మన ఇంటి ఆడోళ్లు బస్సెక్కరు" అని అత్త చెన్నమ్మ ఎన్నడో తేల్చేసింది. బండి పోతే పుట్టినిల్లు ఎమ్మిగనూరు కూడా పోయినట్టే, మంచం పట్టిన అమ్మను ఇక చూడలేనట్టే.

పెరట్లో మెకానిక్ యేసేపు ఇంజనులోంచి ఒక ఇనుప గిన్నె లాంటిది ఊడదీసి, దానిలోని సన్నటి ఇత్తడి మేకును ఆమె అరచేతిలో పెట్టాడు. "ఈ రంధ్రంలో నుంచే పెట్రోలు పోవాలమ్మా. ఇది మూసుకుంటే బండి కదలదు."

ఆమె దాన్ని ఎండకెత్తి చూసింది. సూది బెజ్జం కన్నా చిన్న రంధ్రం, దానిలోంచి ఒక ఆకాశపు చుక్క. ఇంత బండీ, ఆరుగురు మనుషులూ, పత్తి బస్తాలూ, ఇన్నేళ్ల దారీ ఈ చుక్కలోంచి వెళ్లాయా! పద్నాలుగేళ్లుగా పైపైన తోముతున్న వస్తువు లోపల ఇంత అద్భుతం ఉందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. చూస్తానంటే "పొయ్యి కాడికి పో" అన్నారు.

"మొన్న కూడా ఊదినా. మళ్లీ ఇదే వస్తాంది, యాడి నుంచో తెల్లేదు" అని యేసేపు గోటితో ఒక తెల్లటి పోగు తీశాడు.

అలివేలుమంగ పోగును వేళ్ల మధ్య నలిపింది. రోజూ దీపపు వత్తులు చేసే వేళ్లవి, పొరబడవు: ఇది దూదే. ఆమె చూపు గోడకు వేలాడుతున్న గరాటు మీద పడింది. దానిలో దూది ఉండ కుక్కి ఉంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆయన "మన పత్తిని మించిన జల్లెడ యాడుంది?" అని మురిసిపోతాడు. పాలు దూదితో వడకడతారా ఎవరైనా? పోగులు రాలవూ?

"యేసేపూ, ట్యాంకు కడిగెయ్యి" అంది. లోపలికెళ్లి తన పాత మల్లు చీర చింపి, నాలుగు మడతలు వేసి తెచ్చింది. గరాటులో దూది తీసేసి, ఆ గుడ్డ పరిచి, పెట్రోలు వడకట్టి పోశారు. యేసేపు తోలితే బండి ఊరి చుట్టూ మూడు చుట్లు తిరిగి ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఆ చప్పుడు తన ఒంట్లోంచే వస్తున్నట్టు ఆమె నిలబడి విన్నది.

సాయంత్రం ఇంద్రసేనయ్య వచ్చి బండి చప్పుడు విన్నాడు. "మన యేసేపు చెయ్యి మంచిదిలే" అంటూ గరాటు తీసుకుని, గుడ్డ విసిరేసి, కొత్త దూది ఉండ చుట్టాడు.

అలివేలుమంగ ట్యాంకు మూతి మీద చెయ్యి పెట్టింది.

"దూది వద్దు."

పెళ్లయ్యాక ఆయనతో ఆమె "వద్దు" అనడం అదే మొదటిసారి. ఆయన నోరు తెరిచేలోపే తెల్ల పోగును ఆయన అరచేతిలో పెట్టింది. ఇంద్రసేనయ్య పోగు వంక చూశాడు, యేసేపు వంక చూశాడు. యేసేపు తల ఊపాడు. చెన్నమ్మ గడప దిగి వచ్చి గరాటులోకి తొంగి చూసింది.

"రేపు ఎమ్మిగనూరికి పోతాండాను" అంది అలివేలుమంగ. "మీరు తోలండి. నేను ముందు సీట్లో కూచుంటాను. దారిలో ఆగితే యాడ విప్పల్లో నాకు తెలుసు."