చూడని పేజీ

మార్చి ఆరో తేదీ, శుక్రవారం మధ్యాహ్నం 3:20కి, కృష్ణానగర్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచరు సాయిసుధ ఇంగ్లీషు వాచకంలో రెండు పేజీలు ముందుకు తిప్పింది. పక్కన నిలబడి చదువుతున్న జెరూష ఆపలేదు. వేలు కొత్త పేజీ మీద ఉంది. నోట వస్తున్నది పాత పేజీ.

జెరూషకు ఆరేళ్లు. ఆగస్టులోనూ డిసెంబరులోనూ చదివే పరీక్షలో సాయిసుధ ఆ పిల్లకు ఇరవైకి ఇరవై వేసింది. తరగతిలో నలభై రెండు మంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. రెండుసార్లూ చెప్పిన పాఠమే చదివించింది.

నాలుగింటికి తల్లి మెర్లిన్ ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ నుంచి వచ్చింది. ఆమె ప్రాంప్టర్. తెలుగు రాని నటులకు కెమెరా పక్కన నిలబడి డైలాగు అందిస్తుంది.

"ఇంట్లో ఎలా చదివిస్తున్నారండీ?" అని అడిగింది సాయిసుధ.

మెర్లిన్ బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది. ఇంగ్లీషు పాఠాలన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. ఆగాల్సిన చోట గీత, పేజీ తిప్పాల్సిన చోట చుక్క.

"ముంబై హీరోయిన్లకు మన డైలాగు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తారు కదండీ. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. మీరు వాట్సాప్ గ్రూపులో పెట్టే ఆడియో విని ఇలా రాసుకున్నా. నేనంటాను, ఇది అంటుంది. రెండో టేకుకే ఓకే."

"ఆ హీరోయిన్లకు తెలుగు వచ్చిందా?"

"ఒకావిడకు నాలుగు సినిమాల్లో డైలాగు అందించానండీ. ఇవాళ ఆవిడకు మంచినీళ్లు కూడా నేనే అడిగిపెట్టా."

మెర్లిన్ నోటుబుక్కు మూసింది.

రెండో తరగతికి పరీక్ష మార్చి 27న. చూడని పేజీలో ఇరవై మాటలు. పన్నెండు చదవాలి. లేకపోతే తల్లి ఒప్పుకోలు సంతకంతో మళ్లీ ఒకటో తరగతే.

"ఏ పేజీయో చెప్తే..."

"చెప్తే మీరు మళ్లీ రాస్తారు."

"రాస్తాను," అంది మెర్లిన్. నోటుబుక్కు టేబుల్ మీద వదిలేసి వెళ్లింది.

ఆ సోమవారం నుంచి స్కూలు వదిలాక సాయిసుధ జెరూషను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టింది. రోజంతా పాఠాలు చెప్పి అప్పటికి ఆమె గొంతు పోయి ఉండేది. జెరూష అక్షరాలు చూడకుండా ఆమె పెదాలు చూసేది. సాయిసుధ నోటికి హాజరు పట్టీ అడ్డం పెట్టుకుంది.

"టీచర్, అందించరా?"

"అందించను."

"మా అమ్మయితే అందిస్తుంది."

"ఇక అమ్మ కూడా అందించదు."

"మరి నేనేం చెప్పాలి?"

"అక్కడ ఏముంటే అది."

మార్చి 27న 3:40కి పరీక్ష మొదలైంది. మెర్లిన్ గుమ్మం దగ్గర నిలబడింది. ఆరు నిమిషాల్లో జెరూష తొమ్మిది మాటలు చదివింది. పదో మాట దగ్గర తల్లి వైపు చూసింది. మెర్లిన్ గోడ వైపు తిరిగి నిలబడింది. జెరూష ఇంకేమీ చదవలేదు.

సాయిసుధ తొమ్మిది వేసింది. అదే కాగితం వెనక, ఆగస్టు, డిసెంబరు మార్కులు చెప్పిన పాఠానికే వేసినట్టు రాసి సంతకం పెట్టింది. తర్వాత ఇంగ్లీషులో ఉన్న ఒప్పుకోలు ఫారం మెర్లిన్‌కు ఇచ్చింది.

"ఏం రాశారండీ?"

"పిల్లనే అడగండి."

జెరూష ఫారం మీద వేలు పెట్టింది. మొదటి మాట రాలేదు. వదిలేసింది.

"ఇన్... క్లాస్... వన్."

ఎవరూ అందించలేదు.

4:05కి మెర్లిన్ తెలుగులో సంతకం చేసింది.