దిగిపోయిన ముల్లు

బండితో అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో పక్కనుంచి నోరీన్ పొద్దుటి నుంచి కదల్లేదు. కూతురు బ్రొన్విన్ టౌన్లో నర్సు. ఎన్ని నెలలకో ఒక్కరోజు సెలవు దొరికితే, క్వీన్స్‌లాండ్ పడమటి కొసన ఉన్న ఈ గొర్రెల స్టేషన్‌కు, మైళ్ల కొద్దీ మేత బీళ్ల మధ్య ఉన్న ఒంటరి ఇంటికి, ఒక్కతే బండేసుకుని బయల్దేరింది. చూపు మందగించాక నోరీన్ స్టీరింగు పట్టడం మానేసింది. పిల్ల వస్తేనే తనకు మనిషి మొహం.

"అమ్మా, ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపు దాకా పోయింది," అంది బ్రొన్విన్ రేడియోలో.

నోరీన్ మైకు అందుకుంది. నోరు తెరిచేలోపే మళ్లీ గొంతు వచ్చింది.

"కంగారుపడకు, దానంతటదే అడుక్కి దిగిపోయింది. టీ పెట్టు, వచ్చేస్తున్నా."

ఇంకో తల్లయితే టీ పెట్టేదేమో. నోరీన్‌కు మంచి కబురు వింటే మరీ భయం. ఈ ఎండలో, ఇసుక దిబ్బలెక్కుతూ, ఇంజను ఎలా చల్లబడుతుంది?

"హీటర్ వెయ్యి."

"ఈ ఎండకా? నన్ను ఉడకబెడతావా?"

"వెయ్యమన్నానా!"

"వేశా. వేడెక్కడిది, బయటి గాలే వస్తోంది. నీ హీటరు కూడా చచ్చింది."

"ఇంజను ఆపు! ఇప్పుడే ఆపు!"

హీటరుకు వేడినిచ్చేది ఇంజను చుట్టూ తిరిగే నీళ్లే. ముల్లును నడిపే సెన్సరు కూడా ఆ నీళ్లలో మునిగి, వాటి వేడినే చెబుతుంది. నీళ్లు కారిపోతే అది ఉత్తగాలిలో మిగులుతుంది. ఇంజను మాడిపోతున్నా చల్లగా ఉందనే చూపిస్తుంది.

"ఆపేశా. బానెట్ కింద గొట్టం చీలిందమ్మా. చుక్క లేదు."

"రేడియేటర్ మూత ముట్టుకోకు, ఆవిరి కొట్టి మొహం కాలుతుంది. నడిచి రావాలని చూడకు తల్లీ, బండి నీడలోనే కూర్చో."

రేడియోలో వాళ్ల మాటలు విన్న పొరుగు స్టేషన్ డెస్ తన బండిలో బ్రొన్విన్ దగ్గరికి బయల్దేరాడు. ఈ దిబ్బల మీదుగా బండిని ఇటు లాగడం కుదరదు, టౌనుకే లాక్కెళ్లాలి అన్నాడు.

"రేపు డ్యూటీ అమ్మా. ఇక రాలేను."

"రాకు," అంది నోరీన్.

డెస్ చేరి తాడు కట్టే దాకా ఓపికపట్టి, మైకు నొక్కింది.

"డెస్, పిల్ల చిక్కిపోయిందా?"

"కాస్త. నోరు మాత్రం నీదే."

"జుట్టు కత్తిరించుకుందా?"

"అమ్మా, నాకూ వినిపిస్తోంది!"

"నిన్నడగలేదు. డెస్, నువ్వు చెప్పు. నువ్వు చూస్తున్నావుగా."

"చెవుల దాకా కత్తిరించింది. ఎండకు బుగ్గలు కందాయి. నవ్వుతోంది, నోరీన్."

"ఇంకా?" అంది నోరీన్, కళ్లు మూసుకుని.