దేవయానికి అడ్డొచ్చిన బల్బులు

చీకటి కావాలని బోర్డు రాయించి, ఆ బోర్డుకు లైటు పెట్టించిన మనిషి మా ఆయన. రాత్రిపూట కనబడకపోతే జనం ఎలా చదువుతారని ఆయన వాదన.

ఆయన పేరు శ్రీధర్ పేండ్సే. రిటైరయ్యాక ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకున్నారు. పిలిస్తే "ఊఁ" అనేవారు, అంతే. తర్వాత ఎక్కడో పాత టెలిస్కోపు కొనుక్కొచ్చి, పుణేలో మా కోథ్రూడ్ ఇంటి ముంగిట్లో నిలబెట్టి, మళ్లీ మనిషయ్యారు. మూడేళ్లుగా దేవయాని గెలాక్సీని, అంటే ఆండ్రోమెడాని, ఫొటో తీయడం నేర్చుకుంటున్నారు. ముప్పై సెకన్లకొకటి చొప్పున మూడు వందల ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే గెలాక్సీ తేలుతుందట. మాకు మాత్రం ఎప్పుడూ పల్చటి మజ్జిగే తేలేది. అదంతా మా వీధి వెలుగు.

రెండు వారాల్లో, ఆదివారం నాడు, ఖగోళ సంఘంవారి ఫొటోల ప్రదర్శన ఉందనగా ఇదంతా మొదలైంది.

"ఈసారీ రాకపోతే అమ్మేస్తాను" అన్నారు. అమ్మేది టెలిస్కోపునే. నాకు మాత్రం ఆ గోడే గుర్తొచ్చి భయం వేసింది.

అందుకే బోర్డు పెడతానంటే సరేనన్నాను. "రాత్రి వరండా లైట్లు ఆపండి. విశ్వం మీ వరండా కన్నా పాతది" అని రాయించారు. మర్నాటికల్లా ఎదురింటి దామ్లే, రిటైరైన లెక్కల మాస్టారు, తన గేటుకు జవాబు తగిలించాడు: "ఇక్కడ విశ్వానికి పార్కింగు లేదు." దానికో బల్బు, మాదానికంటే పెద్దది. పక్కింటి ఖరేబాయి ఊరుకుంటుందా? "ఎదుటివాళ్ల బోర్డులు చదవడానికి మా గేటు ముందు నిలబడరాదు." దాని మీద రెండు బల్బులు. పదిరోజుల్లో ఏడిళ్లకూ ఏడు బోర్డులు. మూలనున్న వీధి దీపం గణపతి పండగ నాడే ఆరిపోయింది. అది లేని లోటు ఎవరికీ తెలియలేదు.

ప్రదర్శనకు ముందురోజు, శనివారం, మబ్బు లేదు. దేవయాని నడినెత్తికి వస్తోంది. ఆయన మాత్రం కెమెరాకు మూత కూడా తీయకుండా కుర్చీలో కూర్చున్నారు. చూడలేక దామ్లే గేటు దగ్గరికి వెళ్లాను.

"భావూజీ, ఈ ఒక్క రాత్రికి లైటు ఆపండి."

"ఆపేవాణ్ణే వహినీ. మరి మీ బోర్డు మీద వెలిగేదేమిటి, వెన్నెలా?"

ఒళ్లు మండింది. నిజం చెప్పినందుకు ఇంకా మండింది. ఇంటికొచ్చి మెయిన్ స్విచ్చే లాగేశాను. బోర్డు, ఫ్రిజ్, దేవుడి ముందున్న చిన్న బల్బు, అన్నీ పోయాయి.

నిమిషం గడవలేదు. దామ్లే ఇల్లు కూడా నల్లబడింది. వీధి అవతలి నుంచి అతని గొంతు వినిపించింది. "పేండ్సే, మా ఇల్లు మీకంటే చీకటిగా ఉంది, చూసుకోండి."

"మీ మెట్ల దగ్గర ఏదో మెరుస్తోంది" అన్నారు మా ఆయన, కుర్చీలోంచి లేస్తూ.

"అది మా పిల్లి. దానికి స్విచ్ లేదు."

ఖరేబాయికి విషయం అందింది. ఆమె తనవి ఆపి, అగరొత్తి కూడా ఆర్పేశానని అందరికీ వినబడేలా చెప్పింది. తొమ్మిదిన్నరకు వీధిలో దీపమన్నది లేదు. ఎవరి చీకటి వాళ్లు కాపలా కాస్తూ అందరూ వాకిట్లోనే కూర్చున్నారు. దామ్లే కొడుకు ఫోను తీయబోతే తండ్రి చేతి మీద ఒక్కటిచ్చాడు.

టెలిస్కోపు మోటారు పాత స్కూటరు బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికి లోటు రాలేదు. అర్ధరాత్రి దాటాక మూడు వందలూ పూర్తయ్యాయి. ల్యాప్‌టాప్ మీద దుప్పటి కప్పి, ఇద్దరం అందులో దూరాం. ఫొటోలు ఒక్కొక్కటే పేరుకున్నాయి. నల్లటి తెర మీద ఏటవాలుగా, పొడుగ్గా, నడుమ కాస్త ఉబ్బుగా ఒక వెలుగు తేలింది. మజ్జిగ కాదు.

ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇంక ఈ మనిషి గోడవైపు తిరగడు.

"అయిపోయిందిగా. పాలు విరిగిపోతాయి, మెయిన్ వేసి వస్తాను" అని లేచాను.

ఆయన నా కొంగు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ ఎదురింటివైపు చూశారు.

"ఉండవే. ముందు వాణ్ణి వేయనీ."